బెంచ్ మీదోడి రేటెంత?

2024 సెప్టెంబరు 10, మంగళవారం. తెల్లారుజామున నాలుగుంబావు. హైదరాబాద్‌లో అందరూ గాఢనిద్రలో ఉన్న టైమ్‌లో నా ఫోన్ మోగింది. అవతల మా మేనబావ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు.

"బామ్మర్దీ, లేచావా? మెక్‌కాఫ్రీ ఆడట్లేదంట!"

నిద్రమత్తు ఒక్క దెబ్బకి వదిలింది. ఎందుకంటే క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ నా ఫాంటసీ టీమ్‌లో నేను అందరికంటే ముందు తీసుకున్న ఆటగాడు. డ్రాఫ్ట్‌లో నాకు ఒకటో నంబర్ తగిలితే పది మంది చూస్తుండగా గర్వంగా నొక్కిన పేరు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ మ్యాచ్ ఇంకో గంటన్నరలో మొదలు. పిక్క, మడమ నొప్పి అన్నారుగానీ ఆడతాడనే అందరం అనుకున్నాం.

"ఇప్పుడు వాడి ప్లేస్‌లో ఎవరు?" అన్నాను, తెలిసే.

"జోర్డన్ మేసన్. నా బెంచ్ మీదే ఉన్నాడుగా!" అని నవ్వాడు బావ. డ్రాఫ్ట్ ఆఖరి రౌండ్‌లో వాడు మేసన్‌ని తీసుకున్నప్పుడు "ఎవడ్రా ఈయన, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మనా?" అని గ్రూప్‌లో జోకేసింది నేనే.

ఆ రోజు జెట్స్ మీద మేసన్ 28 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తాడు. 147 గజాలు, ఒక టచ్‌డౌన్. బావ గెలిచాడు. నేను టీ పెట్టుకున్నాను.

కొత్త సీజన్ డ్రాఫ్ట్ వేళ కదా, ఈ వారం అదే మాట్లాడుకుందాం. బ్యాకప్ రన్నింగ్ బ్యాక్‌కి రేటు కట్టడం ఎలా?

ముందు రెండు ముక్కల్లో ఆట

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం చెప్తున్నా, తెలిసినవాళ్లు కిందికి స్క్రోల్ చేసుకోండి. రన్నింగ్ బ్యాక్ అంటే బంతిని చంకలో పెట్టుకుని ఎదురుగా వచ్చే గోడల్లాంటి మనుషుల మధ్యలోంచి దూసుకుపోయేవాడు. ఎన్ని గజాలు ముందుకెళ్తే అంత లాభం. గజాలంటే మనకి ప్లాట్లే గుర్తొస్తాయి, నిజమే. ఇక్కడా లెక్క అలాంటిదే, గజం గజానికీ విలువ ఉంది. మామూలు ఫాంటసీ లీగ్‌లో 10 గజాలకి 1 పాయింట్, టచ్‌డౌన్‌కి 6. పీపీఆర్ లీగ్ అయితే పట్టిన ప్రతి పాస్‌కీ ఇంకో పాయింట్.

మన క్రికెట్ ఫాంటసీకి, దీనికి అసలు తేడా ఒకటుంది. అక్కడ కోహ్లీని మీరూ తీసుకోవచ్చు, నేనూ తీసుకోవచ్చు. ఇక్కడ సీజన్ మొదట్లో వేలంలాగో, వరసలోనో ఎంచుకుంటారు. లీగ్‌లో ఒక ఆటగాడు ఒక్కరికే సొంతం. అందుకే బెంచ్ మీద ఎవరిని కూర్చోబెట్టుకున్నారన్నది చాలా పెద్ద విషయం. బెంచ్‌లో సీట్లు ఐదో ఆరో ఉంటాయి. ప్రతి సీటుకీ అద్దె కడుతున్నట్టే లెక్క.

ఇంకో మాట. మాది పైసా పెట్టని లీగ్. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తర్వాత మన దేశంలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఎలాగూ కుదరవు. మాకు పందెం ఒక్కటే. ఆఖరి స్థానంలో ఉన్నవాడు ఏడాదంతా గెలిచినవాడి ఫొటోని డీపీగా పెట్టుకోవాలి. డబ్బులు పోయినా ఇంత బాధ ఉండదు.

ఒకటో ప్రశ్న: సీటు ఖాళీ అయితే పని మొత్తం వీడికేనా?

బ్యాకప్ ఎంత బాగా పరిగెత్తుతాడన్నది తర్వాత సంగతి. ముందు అడగాల్సింది ఇదే. పెద్దాయన లేకపోతే ఇంటి పెత్తనం ఒక్కడి చేతికొస్తుందా, ముగ్గురు పంచుకుంటారా?

మేసన్ విషయంలో జవాబు కళ్ల ముందే ఉంది, నేనే చూడలేదు. అంతకుముందు వరసలో ఉన్న ఎలైజా మిచెల్ గాయంతో సీజన్ మొదలవకముందే పక్కకి వెళ్లాడు. మిగిలిన ఐజాక్ గెరెండో అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు. అంటే మెక్‌కాఫ్రీ పక్కకి జరిగితే దారి మొత్తం మేసన్‌దే. అందుకే 28 సార్లు బంతి వాడి చేతికే వచ్చింది. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో 447 గజాలు, 3 టచ్‌డౌన్లు. పరుగుల పాయింట్లే లెక్కేసినా 62.7. మ్యాచ్‌కి పదిహేనున్నర పైమాటే. ఆఖరి రౌండ్‌లో తెచ్చుకున్నవాడికి ఇది దసరా బోనస్ లాంటిది.

రెండో పేరు ఎవరిదో అందరూ చూస్తారు. మూడో పేరు కూడా చూడండి. మూడోవాడు బలంగా ఉంటే రెండోవాడి విలువ సగానికి పడిపోతుంది.

రెండో ప్రశ్న: పరిగెత్తేది మనిషా, సిస్టమా?

మేసన్‌ని 2022లో ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. డ్రాఫ్ట్ అయిపోయాక ఫార్టీనైనర్స్ పిలిచి చేర్చుకుంది. మరి అలాంటివాడు ఇంత బాగా ఎలా ఆడాడు? 2021కి వెళ్లండి. అదే జట్టు, అదే కోచ్ కైల్ షానహన్. మొదటి మ్యాచ్‌లోనే రహీమ్ మోస్టర్ట్ గాయపడ్డాడు. ఆరో రౌండ్‌లో వచ్చిన కొత్త కుర్రాడు ఎలైజా మిచెల్ లోపలికొచ్చి 104 గజాలు కొట్టాడు. ఆ ఏడాది 11 మ్యాచ్‌ల్లో 963 గజాలు. అదే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో తీసుకున్న ట్రే సెర్మన్ ఆ మొదటి మ్యాచ్‌కి కనీసం జాబితాలో కూడా లేడు.

దీన్నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. కొన్ని జట్లలో వంటవాడు మారినా రుచి మారదు, ఎందుకంటే పొయ్యి, మసాలా అన్నీ అవే. అలాంటి జట్టులో బ్యాకప్‌కి రేటు ఎక్కువ పెట్టొచ్చు. రెండోది, ఏ రౌండ్‌లో వచ్చాడన్న హోదాని నమ్మకండి. కోచ్ ఎవరిని నమ్ముతున్నాడో అది చూడండి. ఆగస్టులో ప్రాక్టీస్ మ్యాచ్‌లప్పుడు ఎవరిని అసలు ఆటగాళ్లతో ఆడిస్తున్నారు, ఎవరిని ఆఖర్లో దింపుతున్నారు అన్నదే సమాచారం.

మూడో ప్రశ్న: పెద్దాయన ఉన్నప్పుడు కూడా పనికొస్తాడా?

బ్యాకప్‌ల్లో రెండు కులాలు. పెద్దాయన ఉంటే పూర్తిగా సున్నా అయ్యేవాళ్లు ఒక రకం. ఉన్నా కూడా తమ వాటా తాము తినేవాళ్లు రెండో రకం.

మేసన్ మొదటి రకం. 2023లో మెక్‌కాఫ్రీ 1,459 గజాలు పరిగెత్తి, మొత్తం 21 టచ్‌డౌన్లు కొట్టిన ఏడాది, మేసన్‌కి సీజన్ మొత్తంలో బంతి అందింది 40 సార్లు. అంటే మ్యాచ్‌కి రెండున్నర సార్లు కూడా కాదు. అలాంటివాణ్ణి ఏ వారమూ లైనప్‌లో పెట్టలేం, ఊరికే దాచుకోవాలంతే.

రెండో రకానికి ఉదాహరణ మన ఫ్రిస్కో బావ సొంత జట్టు డాలస్ కౌబాయ్స్ నుంచే. కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసేది కూడా ఫ్రిస్కోలోనే. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లకి లెక్కేలేదు. 2022లో అక్కడ ఎజికీల్ ఎలియట్ పెద్దాయన, టోనీ పొలార్డ్ రెండోవాడు. ఎలియట్ 231 సార్లు పరిగెత్తి 876 గజాలు, 12 టచ్‌డౌన్లు. పొలార్డ్ 193 సార్లకే 1,007 గజాలు, 9 టచ్‌డౌన్లు. అక్టోబరు 30న ఎలియట్ మోకాలి గాయంతో ఆగితే, బేర్స్ మీద పొలార్డ్ 14 పరుగుల్లో 131 గజాలు, 3 టచ్‌డౌన్లు. పరుగులకే 31 పాయింట్లు. మూడు వారాల తర్వాత ఎలియట్ తిరిగొచ్చిన మ్యాచ్‌లో కూడా వైకింగ్స్ మీద 80 గజాలు పరిగెత్తి, 6 పాస్‌లు పట్టి 109 గజాలు, 2 టచ్‌డౌన్లు కొట్టాడు.

ఇలాంటి బ్యాకప్‌కి బెంచ్ సీటు ఇవ్వడం అద్దె కాదు, ఈఎంఐ. నెలనెలా మీ ఆస్తి పెరుగుతుంది.

నాలుగో ప్రశ్న: పాస్‌లు పడతాడా?

పీపీఆర్ లీగ్ ఆడేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. 2021లో మిన్నెసోటాలో డాల్విన్ కుక్ ఆగినప్పుడు అలెగ్జాండర్ మ్యాటిసన్ డెట్రాయిట్ మీద 113 గజాలు పరిగెత్తాడు. దానితోపాటు 7 పాస్‌లు పట్టి 40 గజాలు, ఒక టచ్‌డౌన్. మొత్తం 28.3 పాయింట్లు. అందులో పాస్‌లు లేకపోతే 11.3 మాత్రమే. పరిగెత్తడం మాత్రమే వచ్చినవాడు, జట్టు వెనకబడిన రోజు మీకు చేతులెత్తేస్తాడు. వెనకబడ్డ జట్టు పాస్‌లు వేస్తుందిగానీ పరుగులు పెట్టదు మరి.

ఇక్కడో గొయ్యి ఉంది, చూసి నడవండి

పైన చెప్పిన పొలార్డ్ సగటు 2022లో పరుగుకి 5.2 గజాలు. "వీడికి మొత్తం బంతి ఇస్తే ఇంకేముంది!" అని అందరం అనుకున్నాం. 2023లో ఎలియట్‌ని పంపేశారు, మొత్తం ఇచ్చారు. 252 పరుగులు. ఎన్ని గజాలు? 1,005. అంటే 59 పరుగులు ఎక్కువ పెట్టి, రెండు గజాలు తక్కువ! సగటు 4.0కి జారింది. అంతకుముందు జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో కాలి ఎముక విరిగింది, అదీ ఒక కారణం కావొచ్చు.

మ్యాటిసన్‌దీ అదే కథ. అదే 2023లో కుక్‌ని వదిలేసి సీటు వీడికిచ్చారు. 180 పరుగులు, 700 గజాలు, పరుగు మీద టచ్‌డౌన్లు... సున్నా. అవును, సున్నా.

ఊరగాయ అన్నంలో నంజుకుంటే అద్భుతంగా ఉంటుంది. అలాగని గిన్నెడు ఊరగాయ తినలేం కదా. అలసిపోయిన డిఫెన్స్ మీద, తనకి నప్పే సమయంలో వచ్చి కొట్టేవాడి సగటు చూసి, రోజంతా అలాగే కొడతాడని లెక్కేయకండి. బ్యాకప్ అద్భుతంగా ఆడింది రెండు మూడు మ్యాచ్‌లే అయితే ఆ రెండు మూడు మ్యాచ్‌ల రేటే ఇవ్వండి.

బీమానా, లాటరీనా?

ఫాంటసీ భాషలో మన పెద్దాయనకి బ్యాకప్‌గా ఉన్నవాణ్ణి కూడా మనమే తీసుకోవడాన్ని "హ్యాండ్‌కఫ్" అంటారు. ఇద్దరికీ కలిపి బేడీలు వేసినట్టన్నమాట. ఇది మంచి పనేనా?

ఊహకి ఒక లెక్క వేద్దాం. 14 వారాల్లో పెద్దాయన 3 వారాలు ఆగాడనుకోండి. ఆ 3 వారాలూ బ్యాకప్ 15 చొప్పున ఇచ్చాడు. వాడు లేకపోతే మీరు బయట దొరికిన ఎవరినో పెట్టి 8 చొప్పున తెచ్చుకునేవారు. లాభం 21 పాయింట్లు. కానీ దానికోసం 14 వారాలు ఒక సీటు కట్టేశారు. ఆ సీటులో ఇంకొకరిని పెట్టుకుని అంతకంటే సంపాదించగలరా? మీ లీగ్ పెద్దదైతే, బయట మంచివాళ్లు దొరకకపోతే హ్యాండ్‌కఫ్ మంచిదే. చిన్న లీగ్‌లో, బయట ఆటగాళ్లు కుప్పలుగా ఉంటే దండగ.

ఇంకో కోణం ఉంది. మెక్‌కాఫ్రీ నా దగ్గరుండి మేసన్ కూడా నా దగ్గరే ఉంటే, గాయమైన రోజు నా గొయ్యి మాత్రమే పూడుతుంది. అది బీమా. మేసన్ బావ దగ్గరుంటే, వాడి జట్టు అంతకుముందున్నట్టే ఉండి, పైన ఇంకో స్టార్ చేరతాడు. అది లాటరీ. కాబట్టి మీ జట్టు ఇప్పటికే బలంగా ఉంటే బీమా కొనుక్కోండి. బలహీనంగా ఉంటే పక్కవాడి బ్యాకప్‌ని కొనండి. ఎలాగూ ఓడేవాడికి బీమా ఎందుకు?

బావ ఎందుకు అమ్మలేదు

ఆ మంగళవారం సాయంత్రమే బావకి ఆఫర్ పంపాను. మేసన్‌ని ఇస్తే, నా దగ్గరున్న మామూలు ఆటగాడొకడిని ఇస్తానని. మెక్‌కాఫ్రీ రెండు మూడు వారాల్లో వచ్చేస్తాడు, అప్పుడు మేసన్ విలువ సున్నా, ఇప్పుడే అమ్ముకో అని నా వాదన. లెక్క ప్రకారం అది తప్పు వాదన కూడా కాదు.

బావ ఒక్క లైన్ రాశాడు. "బెంచ్ మీదున్నోణ్ణి అగ్గువకి అడక్కు బామ్మర్దీ."

జోక్ అనుకున్నాను. రాత్రి అక్క ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. బావ ప్రాజెక్ట్ ఆగస్టులోనే అయిపోయింది. ఆరు వారాలుగా వాడే బెంచ్ మీద ఉన్నాడు. ఎవరికీ చెప్పలేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు ఇంకోటి చూసుకోవాలి, లేదంటే సర్దుకోవాలి. పిల్లది అప్పుడే కిండర్‌గార్టెన్‌లో చేరింది. పగలంతా ఇంటర్వ్యూలకి తయారవడం, రాత్రి నిద్రపట్టక ఫాంటసీ యాప్ తెరిచి మేసన్ పేరు చూసుకోవడం.

బెంచ్ అనే మాట మన ఇళ్లల్లో ఎంత మామూలైపోయిందో చూడండి. "ఏం చేస్తున్నాడు మీవాడు?" "బెంచ్ మీద ఉన్నాడండీ." అంతే, అవతలివాళ్లు గొంతు తగ్గిస్తారు. పని రాని మనిషని ఎవరూ అనరు, కానీ రేటు మాత్రం ఆ క్షణమే తగ్గించేస్తారు. నేనూ అదే చేశాను. మేసన్ సంగతి చెప్తున్నా... వాడొక్కడి సంగతే కాదులెండి.

ఆ తర్వాత నాకు ఇంకో విషయం ఇబ్బందిపెట్టింది. బ్యాకప్‌ని దాచుకున్న ప్రతి ఒక్కరూ లోపల్లోపల ఒకటే కోరుకుంటారు. పెద్దాయనకి ఏదో ఒకటి అవ్వాలని. పైకి అనం. కానీ గాయం వార్త రాగానే మన వేలు ముందు వెళ్లేది "అయ్యో" అని టైప్ చేయడానికి కాదు, యాప్ మీదికి. బావని అడిగాను, నీకూ అలాగే ఉంటుందా అని. "సీటు ఖాళీ అవ్వాలని కోరుకుంటాను, మనిషి పడిపోవాలని కాదు" అన్నాడు. రెండూ ఒకటి కావని నాకు అప్పుడు తట్టలేదు. 2018లో పిట్స్‌బర్గ్‌లో లెవియాన్ బెల్ ఒప్పందం గొడవతో సీజన్ మొత్తం రాలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు. వాడి సీటులో జేమ్స్ కానర్ 973 గజాలు, పరుగు మీద 12 టచ్‌డౌన్లు కొట్టాడు. కాలేజీ రోజుల్లో క్యాన్సర్‌ని గెలిచి వచ్చిన కుర్రాడు.

అక్టోబరులో బావకి ఫోన్ వచ్చింది. ఒక కంపెనీలో ఒకామె డెలివరీ సెలవు మీద వెళ్తోంది. ఆరు నెలలు ఆ సీటులో కూర్చోవాలి. అచ్చంగా బ్యాకప్ ఉద్యోగమే. బావ గ్రూప్‌లో పెట్టిన మెసేజ్, "వన్ వీక్ ఎట్ ఏ టైమ్. మేసన్ ఇన్ లైనప్."

చివరికి ఏమైంది?

నవంబరు 10న మెక్‌కాఫ్రీ తిరిగొచ్చాడు. మేసన్ మళ్లీ బెంచ్ మీదికి. అప్పుడు బావే నవ్వుతూ మేసన్‌ని నాకిచ్చేశాడు, మంచి రేటుకే. నా బీమా పూర్తయిందని సంబరపడ్డాను. డిసెంబరు 1న బఫెలోలో మంచు కురుస్తున్న మ్యాచ్. మనకి 2వ తేదీ ఉదయం. ఆ ఒక్క మ్యాచ్‌లోనే మెక్‌కాఫ్రీకి మోకాలు, మేసన్‌కి చీలమండ. ఇద్దరి సీజనూ ఆ రోజుతోనే అయిపోయింది. బీమా కంపెనీ, ఇల్లు ఒకేసారి కాలిపోయినట్టయింది నా పని. తర్వాతి వారం మూడో పేరు గెరెండో బేర్స్ మీద 2 టచ్‌డౌన్లు కొట్టాడు. వాణ్ణి ఎవరు తీసుకున్నారో చెప్పక్కర్లేదు. "మూడో పేరు కూడా చూడండి" అని పైన రాశానే, అది బావ దగ్గర నేర్చుకున్నదే.

మేసన్ ఆ ఏడాది 12 మ్యాచ్‌ల్లో 789 గజాలతో ఆగాడు. 2025 మార్చిలో మిన్నెసోటా వైకింగ్స్ వాణ్ణి ఫార్టీనైనర్స్ నుంచి తీసుకుని రెండేళ్ల కొత్త ఒప్పందం ఇచ్చింది. ఎవరూ డ్రాఫ్ట్ చేయనివాడికి, నాలుగు మంచి మ్యాచ్‌లు ఆ రేటు తెచ్చిపెట్టాయి.

ఆ కంపెనీలో ఆమె సెలవు ముగించుకుని తిరిగొచ్చింది. బావని పంపేయలేదు, ఇంకో టీమ్‌కి మార్చారు.

కాబట్టి ఈ సీజన్ డ్రాఫ్ట్‌లో ఆఖరి రౌండ్ వచ్చినప్పుడు తొందరపడి కిక్కర్ పేరు నొక్కేయకండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పని మొత్తం వస్తుందా? సిస్టమ్ బాగుందా? ఊరికే ఉన్నప్పుడు కూడా ఏమైనా ఇస్తాడా? పాస్ పడతాడా? మూడింటికి అవునంటే సీటిచ్చేయండి. రెండింటికే అయితే మీ జట్టు అవసరం చూసుకోండి. ఒక్కదానికే అయితే వదిలేయండి.

నా డీపీ చూసి "ఈ నవ్వుతున్నాయన ఎవరు?" అని అడుగుతున్న పాఠకులకి ఒకటే జవాబు. మా బావండీ. సెప్టెంబరు దాకా భరించండి.